పాకాల నుంచి ఎవరెస్ట్ దాకా: ఒక సర్కారు బడి కొండలెక్కడం ఎట్లా నేర్చుకుంది?

మాది ఇందల్వాయి. హైదరాబాద్ నుంచి నిజామాబాద్‌కి 44వ నంబర్ హైవే మీద వచ్చేవాళ్ళకి మా ఊరు అంటే టోల్ ప్లాజా, అంతే. కానీ హైవే దిగి తూర్పుకి, ధర్పల్లి, సిరికొండ దిక్కు పోయి చూడండి. గుట్టలు, అడవి, మధ్యమధ్యలో తండాలు. నిజాంసాగర్ కాలువ కింద బోధన్ వైపు పచ్చగా కనిపించే చెరుకు, వరి మడులు ఇక్కడ అంతగా ఉండవు. వాన పడితే పంట, లేకపోతే కూలి పని, అదీ కాకపోతే వలస.

ఆ సిరికొండ మండలంలో పాకాల అని ఒక ఊరు. అక్కడి అమ్మాయే మాలావత్ పూర్ణ. 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడింది. అప్పటికి ఆమెకి 13 ఏళ్ళ 11 నెలలు. ప్రపంచంలో అంత చిన్న వయసులో ఎవరెస్ట్ ఎక్కిన అమ్మాయి అంతకుముందు లేదు. అంతకుముందు ఆ రికార్డు నేపాల్‌కి చెందిన మింగ్ కిపా షెర్పాది. 2003లో ఆమె ఎక్కినప్పుడు వయసు 15.

ఇంతవరకు మీకు తెలిసే ఉంటుంది. రీల్స్‌లో వస్తుంది, జీకే బిట్స్‌లో వస్తుంది, 2017లో రాహుల్ బోస్ సినిమా కూడా తీశారు. కానీ ఈ కథని మనం ఎప్పుడూ శిఖరం దగ్గర మొదలుపెట్టి శిఖరం దగ్గరే ఆపేస్తాం. పేదింటి పిల్ల, గట్టి పట్టుదల, ఎక్కేసింది, చప్పట్లు. ఇది నాకు సగం కథలాగే అనిపిస్తుంది. కూలి పనికి పోయే అమ్మానాన్నల బిడ్డకి ఎవరెస్ట్ ఎక్కాలనే ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? బూట్లు ఎవరు కొన్నారు? తాడు పట్టుకోవడం ఎవరు నేర్పారు? ఈ ఎపిసోడ్‌లో పూర్ణ గురించి కంటే పూర్ణ వెనకాల ఉన్న బడి గురించే ఎక్కువ మాట్లాడతాను. ఒక బడిలో ఒక ఆట ఎట్లా మొదలవుతుంది, ఎట్లా పెరుగుతుంది, ఎప్పుడు ఆగిపోయే ప్రమాదం ఉంది అనేదే అసలు విషయం.

దీనికి కొంచెం వెనక్కి పోవాలి. 1971 నవంబర్‌లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో ఒక గురుకుల పాఠశాల మొదలైంది. అప్పుడు ముఖ్యమంత్రి పీవీ నరసింహారావు. ఆలోచన చాలా సింపుల్. పల్లెటూరి తెలివైన పిల్లని ఇంటి దగ్గరే ఉంచితే పొద్దున పశువులు, సాయంత్రం పొలం, మధ్యలో టైమ్ ఉంటే బడి. అదే పిల్లని బడి దగ్గరే ఉంచి, అన్నం, బట్టలు, పుస్తకాలు, మంచి సార్లని ఇస్తే ఎట్లా ఉంటుంది? సర్వేల్ ఫలితాలు చూశాక ఈ పద్ధతి పాకింది. 1980ల్లో ఇదే నమూనా మీద దళిత పిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. ప్రధానంగా ఎస్సీ పిల్లలకే, కానీ ఎస్టీ, బీసీ పిల్లలకి కూడా కొన్ని సీట్లు ఉంటాయి. ఐదో తరగతిలో చేరడానికి ఎంట్రన్స్ రాయాలి.

ఈ బడుల చరిత్రలో ఒక పేరు తప్పకుండా చెప్పాలి. ఎస్.ఆర్. శంకరన్. ఐఏఎస్ అధికారి. వెట్టిచాకిరీ నిర్మూలన మీద, దళిత, గిరిజన పిల్లల హాస్టళ్ళ మీద జీవితాంతం పనిచేసిన మనిషి. 2010లో చనిపోయారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, ఎవరెస్ట్ మీద మళ్ళీ వస్తుంది.

పాకాల లంబాడా ఇంటి పిల్ల పూర్ణ చేరింది ఇలాంటి బడిలోనే. తాడ్వాయి గురుకులం. అప్పుడు తాడ్వాయి మన నిజామాబాద్ జిల్లాలోనే ఉండేది, 2016 జిల్లాల విభజన తర్వాత కామారెడ్డిలోకి పోయింది. అదే విభజనలో మా ఇందల్వాయి కూడా కొత్తగా మండలం అయ్యింది. తండాల నుంచి ఒక ఆడపిల్ల హాస్టల్‌కి పోవడం అంటే చదువు ఒక్కటే కాదు, ఇంకో పెద్ద విషయం ఉంది. టైమ్ దొరుకుతుంది. ఇంట్లో ఉంటే ఏడు, ఎనిమిది తరగతులకే పెళ్ళి మాటలు మొదలయ్యే ఇళ్ళు మా వైపు ఉన్నాయి. హాస్టల్‌లో ఉన్న పిల్ల మీద ఆ ఒత్తిడి ఇంకో నాలుగైదేళ్ళు ఆగుతుంది. ఆ నాలుగైదేళ్ళలోనే ఏదైనా జరగాలి.

కానీ నిజం చెప్పుకోవాలంటే ఈ బడుల మీద చాలా ఏళ్ళు ఒక ముద్ర ఉండేది. సర్కారు హాస్టల్, నీళ్ళ చారు, పాస్ అయితే చాలు అన్నట్టు. ఆటలు అంటే ఒక వాలీబాల్, ఒక కబడ్డీ కోర్టు. 2012లో ఈ గురుకులాల సొసైటీకి కార్యదర్శిగా ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ వచ్చారు. ఆయన కూడా దళిత కుటుంబం నుంచి వచ్చినవాళ్ళే. పెద్దింటి పిల్లలకి బడిలో ఏమేం దొరుకుతాయో అవన్నీ ఈ పిల్లలకి కూడా దొరకాలి అనేది ఆయన పట్టిన లైన్. ఇంగ్లీష్, గుర్రపు స్వారీ, కొండలెక్కడం, అన్నీ.

ఇప్పుడు కొండల దగ్గరికి వద్దాం. అన్ని ఆటల్లోకి కొండలెక్కడమే ఎందుకు? తెలుగు నేల మీద మంచు లేదు, హిమాలయం లేదు. అయినా పర్వతారోహకులు ఉన్నారు, వాళ్ళలో ఒక గొలుసు కనిపిస్తుంది. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్ ఉంది. ఆ బడిలో చదివి ఆర్మీలో చేరిన లెఫ్టినెంట్ ఉదయ్ భాస్కర్ రావు 1985 ఎవరెస్ట్ యాత్రలో ప్రాణాలు కోల్పోయారు. బడిలో ఆయన విగ్రహం పెట్టారు. ఆ విగ్రహం చూస్తూ పెరిగిన ఒక నెల్లూరు జిల్లా రైతు బిడ్డ మల్లి మస్తాన్ బాబు. తర్వాత 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాల్ని 172 రోజుల్లో ఎక్కేశాడు. 2015లో ఆండీస్ కొండల్లోనే కన్నుమూశాడు. ఒక బడిలో ఒక విగ్రహం ఉంటే చాలు, ఇరవై ఏళ్ళ తర్వాత ఇంకో మనిషి కొండ ఎక్కుతాడు. అయితే ఆ విగ్రహం సైనిక్ స్కూల్లో ఉంది. తాడ్వాయి హాస్టల్‌లో లేదు. అక్కడికి కొండని ఎవరో ఒకరు తీసుకురావాలి.

తీసుకొచ్చిన చోటు భువనగిరి. హైదరాబాద్-వరంగల్ రోడ్డు మీద పోయేటప్పుడు చూసే ఉంటారు, ఒకే బండరాయి, కోడిగుడ్డు బోర్లా పెట్టినట్టు ఉంటుంది. పైన చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్య కాలం నాటి కోట. సైన్యం ఎక్కలేకపోవాలని ఎంచుకున్న గుట్ట అది. 2013లో సొసైటీ రాష్ట్రం నలుమూలల నుంచి వంద మందికి పైగా పిల్లల్ని అక్కడికి రాక్ క్లైంబింగ్ శిక్షణకి పంపింది. నేర్పింది 2007లో ఎవరెస్ట్ ఎక్కిన బచినేపల్లి శేఖర్ బాబు.

రాక్ క్లైంబింగ్ చూడనివాళ్ళకి ఒక మాట. అది పైకి పాకడం మాత్రమే కాదు. నడుముకి హార్నెస్ కడతారు, దానికి తాడు. నువ్వు ఎక్కుతుంటే కింద ఇంకో పిల్ల ఆ తాడు పట్టుకుని ఉంటుంది. దాన్ని బిలే అంటారు. నీ కాలు జారితే నిన్ను ఆపేది ఆ పిల్లే. తర్వాత నువ్వు కింద నిలబడి ఆమె తాడు పట్టుకోవాలి. అంటే మొదటి రోజు నుంచే ఇంకొకరి ప్రాణం నీ చేతిలో, నీ ప్రాణం ఇంకొకరి చేతిలో. ఊళ్ళో ఎవరి గ్లాసు ఎవరు ముట్టుకోవాలో ఇంకా లెక్కలు చూసే సమాజం నుంచి వచ్చిన పిల్లలకి ఇది చిన్న పాఠం కాదు.

భువనగిరి నుంచి ఒక ఇరవై మందిని డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి పంపారు. 1953లో టెన్జింగ్, హిల్లరీ ఎవరెస్ట్ ఎక్కిన మరుసటి ఏడాది, 1954లో పెట్టిన సంస్థ అది. టెన్జింగ్ అక్కడే శిక్షణ విభాగానికి అధిపతిగా చాలా ఏళ్ళు పనిచేశారు. మన పిల్లలు అక్కడ మొదటిసారి మంచు చూశారు. మంచు మీద బూట్లకి ముళ్ళు కట్టుకుని నడవడం నేర్చుకున్నారు, సిక్కింలో మౌంట్ రెనాక్ ఎక్కారు. అక్కడ బాగా చేసినవాళ్ళని చలికాలంలో లదాఖ్ తీసుకుపోయారు. చివరికి మిగిలింది ఇద్దరు. పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి సాధనపల్లి ఆనంద్ కుమార్.

ఈ వరసని ఒకసారి చూడండి. వంద మందికి పైగా, తర్వాత ఇరవై, తర్వాత ఇంకా తక్కువ, చివరికి ఇద్దరు. మన దగ్గర టాలెంట్ అనగానే పుట్టుకతో వచ్చింది అంటారు. పూర్ణకి ధైర్యం పుట్టుకతోనే వచ్చి ఉండొచ్చు, కాదనను. కానీ ఆ ధైర్యం బయటపడటానికి ముందు వంద మందికి తాడు అందాలి. ఆ వంద మందిని పిలవకపోతే ఈ ఇద్దరు కూడా దొరికేవాళ్ళు కాదు. పాకాలలో ఒక అమ్మాయి ఎవరెస్ట్ ఎక్కగలదని పాకాలకే తెలీదు.

2014 ఏప్రిల్‌లో యాత్ర మొదలైంది. నేపాల్ వైపు నుంచి 16 ఏళ్ళు నిండనివాళ్ళకి అనుమతి ఉండదు. అందుకే టిబెట్ వైపు నుంచి, అంటే ఉత్తరం దారి నుంచి పోయారు. ఆ దారిలో గాలి ఎక్కువ, పైన రాతి మెట్లు ఉంటాయి. ఫస్ట్ స్టెప్, సెకండ్ స్టెప్, థర్డ్ స్టెప్ అంటారు. సెకండ్ స్టెప్ దగ్గర నిలువు బండకి 1975లో చైనా వాళ్ళు ఒక అల్యూమినియం నిచ్చెన బిగించారు, ఇప్పటికీ అక్కడ నిచ్చెన మీదే ఎక్కుతారు. 8,000 మీటర్లు దాటాక డెత్ జోన్. శిఖరం మీద మనకి దొరికే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో మూడో వంతు. అందుకే కొంచెం ఎక్కడం, మళ్ళీ కిందికి వచ్చి పడుకోవడం, ఇట్లా వారాల తరబడి ఒంటికి అలవాటు చేస్తారు.

అదే ఏప్రిల్ 18న కొండకి అవతల, నేపాల్ వైపు, ఖుంబు దగ్గర మంచు చరియలు కూలి 16 మంది చనిపోయారు. అందరూ షెర్పాలు, నేపాలీ కార్మికులు. ఆ సీజన్‌కి ఆ దారి దాదాపు ఆగిపోయింది. ఇటువైపు మన పిల్లలు ఉన్నారు. దారిలో చనిపోయిన పర్వతారోహకుల శవాలు చూశానని పూర్ణ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. పదమూడేళ్ళ పిల్ల అండీ.

మే 25 పొద్దున్నే శిఖరం. జాతీయ జెండాతో పాటు వాళ్ళు పైకి తీసుకుపోయినవి రెండు ఫోటోలు. ఒకటి అంబేడ్కర్‌ది. రెండోది ఎస్.ఆర్. శంకరన్‌ది. తమ హాస్టళ్ళ కోసం పనిచేసిన ఒక ఆఫీసర్ ఫోటోని ఈ పిల్లలు భూమ్మీద అన్నిటికంటే ఎత్తైన చోటికి మోసుకెళ్ళారు. వారం తర్వాత, జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. ఉమ్మడి రాష్ట్రం గురుకులం నుంచి బయలుదేరిన పిల్లలు కొత్త రాష్ట్రంలోకి తిరిగి వచ్చారు.

ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న ఉంది, దాన్ని తప్పించుకుపోలేం. పదమూడేళ్ళ పిల్లని అక్కడికి పంపడం సరైనదేనా? అప్పుడు కూడా అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. ఆ వయసులో పిల్ల నేను పోతా అంటే ఆ మాటకి బరువెంత? అమ్మానాన్న సరే అన్నా, ఎదురుగా నిలబడింది సర్కారు, పెద్ద ఆఫీసర్లు. పేదవాళ్ళు వాళ్ళకి కాదని చెప్పగలరా? రెండో వైపు వాదన కూడా వినాలి. మెట్టు మెట్టుగా శిక్షణ ఇచ్చారు, అనుభవం ఉన్న కోచ్, షెర్పాలు ఉన్నారు, సిలిండర్లు ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం, పిల్ల గట్టిగా పోతానన్నది.

నా అభిప్రాయం చెప్తాను, మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. ఈ మొత్తం కార్యక్రమంలో అన్నిటికంటే తక్కువ విలువైనది ఆ వయసు రికార్డే. పూర్ణ పదహారేళ్ళకి ఎక్కినా ఆమె ధైర్యం ఒక్క ఇంచు కూడా తగ్గేది కాదు. బడి రికార్డు వెంట పడితే తర్వాతి బడి ఇంకా చిన్న పిల్లని వెతుకుతుంది. ఆ పోటీ మనకి వద్దు. కానీ భువనగిరి బండ మీద ఆ వంద మంది? దానికి వయసు అభ్యంతరం లేదు, ప్రాణానికి పెద్ద ముప్పు లేదు, లాభం మాత్రం వంద ఇళ్ళకి. వాళ్ళ మీద సినిమా రాలేదు. అయినా ఒకసారి ఆ బండ దిగి వచ్చిన పిల్ల క్లాసులో చెయ్యి ఎత్తే తీరు మారుతుంది.

పూర్ణ అక్కడితో ఆగలేదు. 2016లో ఆఫ్రికాలో కిలిమంజారో, 2017లో యూరప్‌లో ఎల్బ్రస్, 2019లో దక్షిణ అమెరికాలో అకొంకాగువా, అదే ఏడాది ఇండోనేషియాలో కార్స్టెంజ్ పిరమిడ్, డిసెంబర్‌లో అంటార్కిటికాలో విన్సన్. కోవిడ్ వచ్చి ఆగింది. 2022 జూన్‌లో అలాస్కాలో దెనాలి ఎక్కి ఏడు ఖండాలూ పూర్తి చేసింది. ఎనిమిదేళ్ళ ప్రయాణం. ఆ ఎనిమిదేళ్ళలో ఆమె పిల్ల నుంచి పెద్దమనిషి అయ్యింది, ఎక్కాలా వద్దా అనేది తనే నిర్ణయించుకునే వయసుకి వచ్చింది. నాకైతే మొదటి శిఖరం కంటే చివరి శిఖరమే ఎక్కువ నచ్చుతుంది.

మరి బడి సంగతి? రాష్ట్రం విడిపోయినప్పుడు తెలంగాణ వాటాకి 134 సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. తర్వాత రెండు మూడేళ్ళలో అమ్మాయిల డిగ్రీ కాలేజీలతో కలిపి ఆ సంఖ్య 268 అయ్యింది. కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లో సైనిక్ స్కూల్ పెట్టారు, భువనగిరి దగ్గర అమ్మాయిల్ని సైన్యానికి తయారు చేసే డిగ్రీ కాలేజీ వచ్చింది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచిన అగసార నందిని గుర్తుందా? టీ అమ్ముకునే నాన్న కూతురు. ఆమె కూడా సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అమ్మాయే. కొండతో మొదలైంది ట్రాక్ మీదికి కూడా వచ్చింది.

ఇంకో దారి కూడా ఉందని చెప్పాలి, లేకపోతే మన నిజామాబాద్ టౌన్ వాళ్ళు ఊరుకోరు. నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్. హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు, 2023 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం. ఇద్దరూ మన టౌన్ వాళ్ళే. ఇద్దరి వెనకాలా ఒకే కోచ్ షంసముద్దీన్, హుసాముద్దీన్‌కి ఆయన నాన్న కూడా. అక్కడ హాస్టల్ లేదు, సొసైటీ లేదు. ఒక గ్రౌండ్, ఒక గురువు, పక్కన నిలబడ్డ ఇల్లు. టౌన్లో అది కుదిరింది. తండా పిల్లకి పొద్దున్నే గ్రౌండ్‌కి తీసుకుపోయే నాన్న చేతిలో టైమ్ ఎక్కడిది? ఆ నాన్న అడ్డా మీద కూలి కోసం నిలబడి ఉంటాడు. అందుకే ఆ పిల్లకి బడే గ్రౌండ్, బడే కోచ్, బడే ఇల్లు కావాలి.

ఇప్పుడు నన్ను భయపెట్టే విషయం. మన జిల్లాకి ఒక పెద్ద పాఠం బోధన్‌లోనే ఉంది. 1930ల చివర్లో నిజాం కాలంలో మొదలైన చక్కెర ఫ్యాక్టరీ. ఆసియాలోనే పెద్దదని మన తాతలు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. 2015 చివర్లో మూతపడింది. పెద్దగా ఎదిగింది కాబట్టి నిలబడుతుంది అనే గ్యారంటీ దేనికీ లేదు. ఒక మనిషి ఊపు మీద నడిచే కార్యక్రమం ఆ మనిషి పోయాక ఏమవుతుంది? ప్రవీణ్ కుమార్ తొమ్మిదేళ్ళు పనిచేసి 2021లో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని రాజకీయాల్లోకి వెళ్ళారు. ఆయన రాజకీయం మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు, అది వేరే సంగతి. బడి మాత్రం ఎవరు వచ్చినా, ఎవరు పోయినా నడవాలి. హాస్టల్‌లో అన్నం బాగాలేదు, నీళ్ళు రావట్లేదు అనే వార్త వచ్చిన రోజు ఎవరెస్ట్ ఫోటో గోడ మీద ఉంటే ఏం లాభం? పునాది అన్నం దగ్గర మొదలవుతుంది. కొండ తర్వాత.

కాబట్టి ఒక బడి ఆటల కార్యక్రమం పెరిగిందా లేదా అని చూడాలంటే నేను మెడల్స్ లెక్కపెట్టను. ఈ ఏడాది కొత్తగా ఎంతమంది పిల్లల చేతికి తాడు, బ్యాట్, గ్లవ్స్ అందాయి? నేర్పడానికి మనిషి ఉన్నాడా, ఉంటే వచ్చే ఏడాది కూడా ఉంటాడా? సెలెక్ట్ కాని పిల్లలకి మళ్ళీ అవకాశం ఉందా? చూడాల్సింది ఇవి.

మీరు ఇది ఫోన్లో చూస్తున్నారు లేదా చదువుతున్నారు. మీలో చాలామంది ఇంటరో, డిగ్రీనో చదువుతుంటారు. ఒక పని చేయండి. మీరు చదివిన బడికి ఒకసారి పోండి. పీఈటీ సార్ పోస్టు నిండి ఉందా, ఖాళీగా ఉందా అడగండి. ఆటల పీరియడ్‌లో లెక్కల క్లాస్ తీసుకుంటున్నారా చూడండి. మీ ఇంట్లో, మీ వాడలో నాలుగో తరగతి పిల్ల ఉంటే గురుకులం ఎంట్రన్స్ నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో ఫోన్లో చూసి వాళ్ళ అమ్మానాన్నకి చెప్పండి. దరఖాస్తు నింపడం రాకపోతే నింపి పెట్టండి. మీకు అరగంట పని. ఆ పిల్ల ఎవరెస్ట్ ఎక్కకపోయినా ఏం కాదు, పదో తరగతి దాకా పెళ్ళి మాట లేకుండా చదివితే చాలు, మిగతాది ఆమె చూసుకుంటుంది.

మీ బడిలో ఆటలు ఎట్లా ఉండేవో కింద రాయండి, మంచివైనా, చెడ్డవైనా. అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటాను.